పాత కారు చక్రములకు రంగు

నిర్మల పట్టణమందలి నకాషీ పనివారు బొమ్మకు రంగు వేయు తీరును మన కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతముల వారు చూచియే యుందురు. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, తెల్లమట్టి పూసి, నునుపు చేసిన పిమ్మటనే కుంచె పట్టుదురు. పూర్వము వారు వాడినవి ఆకులనుండి, రాళ్లనుండి తీసిన రంగులు. తరువాతి కాలమున వారి పనిలో ప్రవేశించిన డ్యూకో మాత్రము బొమ్మల కొరకు పుట్టినది కాదు. అది మోటారు కార్ల రంగు. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ తయారు చేసిన ఆ రంగును జనరల్ మోటార్స్ వారు 1924 నమూనా ఓక్‌లాండ్ కార్లకు వేసిరి. అంతకుముందు కార్లకు పూసిన వార్నిషు రంగులు ఆరుటకు వారములు పట్టెడివి; డ్యూకో గంటలలో ఆరెను.

కారు రంగు బొమ్మకు వచ్చినది. బొమ్మ పనిలోని ఓపిక కారు చక్రమునకు రావలెనని మా కోరిక. 2014లో అంబాసిడరు తయారీ నిలిచిపోయినది మొదలు, ఇండ్లలో మిగిలిన పాత బండ్లపై అందరికిని మమకారము హెచ్చినది. అయితే చక్రముల విషయమున సాధారణముగా జరుగునది ఏమనగా, తుప్పుపైననే వెండి రంగు కొట్టించి పండుగకు బండి తీయుట. చక్రము అలంకారము కాదు. బండి బరువంతయు, అందులోని వారి ప్రాణములును దానిపైననే ఉన్నవి. పాత రంగును పూర్తిగా తీయుటలోని ముఖ్యప్రయోజనము అందము కాదు, పరీక్ష. టైరు, ట్యూబు విప్పి, తీగబ్రష్షుతో గాని ఇసుక పిచికారీతో గాని లోహము కనబడువరకు గీకినచో, నట్ల రంధ్రముల చుట్టును, రిమ్ము డిస్కుతో కలియు అతుకు వెంబడిని సన్నని పగుళ్లున్నచో తెలియును. పగిలిన చక్రమును, తుప్పు తిని పలుచబడిన చక్రమును అతికించి వాడరాదు. దానిని పాతసామాను అంగడికి పంపుటయే తగును.

శుభ్రపడిన ఇనుమును ఒక్క రాత్రి కూడ ఊరక ఉంచరాదు. వానకాలమున తెల్లవారుసరికే ఎర్రబారును. వెంటనే రెడ్ ఆక్సైడు వంటి ప్రైమరు పూయవలెను. లప్పము బయటి ముఖమునందలి చిన్న గుంటలకే గాని, టైరు కూర్చుండు చోటను, నట్లు బిగియు చోటను తగులరాదు. రంగును పలుచని పొరలుగా కొట్టి, నడుమ నీటికాగితముతో రుద్దవలెను. హార్డెనరు కలిపి కొట్టు పాలీయూరితేను రంగులలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరములు. మన పనివారు ముఖమునకు కట్టుకొను రుమాలు వానిని ఆపజాలదు. పని చేయించువారు ఈ సంగతిని పట్టించుకొనుట లేదని మాకు విచారము.

ఇక ఏ రంగు? మొదట కారునే అడుగవలెను. హబ్ క్యాపు చాటునను, డిక్కీలోని స్టెప్నీ వెనుకవైపునను కర్మాగారపు రంగు తరచు చెక్కుచెదరక దొరకును. ఈ స్టెప్నీ అను మాట 1904 ప్రాంతమున వేల్సు దేశపు లనెల్లీ పట్టణములో, స్టెప్నీ వీధిలో, అదనపు చక్రమును తయారు చేసిన అన్నదమ్ముల వలన మనకు వచ్చినది. గీకివేయుటకు ముందే ఆ రంగునకు నమూనా తీయించుకొనవలెను; పోయిన పిమ్మట జ్ఞాపకముపై ఆధారపడుట వృథా. రంగు కూడ బండి చరిత్రయే. చౌమహల్లా ప్రాసాదమందలి 1912 నాటి నిజాము రోల్స్ రాయిస్‌ను పసుపు తప్ప మరియొక రంగులో ఊహింపగలమా? పైగా 2021 నాటి కేంద్ర నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటిన బండిని వింటేజి వాహనముగా నమోదు చేయవలెనన్నచో, దాని మూలస్వరూపము నిలిచియుండవలెను.

అసలు రంగు జాడ దొరకనిచో నేలను చూడుడు. కరీంనగరం రాతిగనుల బూడిదరంగు దుమ్ము నల్లని చక్రముపై వెంటనే బయటపడును. ఆదిలాబాదు నల్లరేగడి తెల్లని చక్రమును ఒక్క వానకే పాడుచేయును. బూడిద కలిసిన వెండి రంగు రెండింటిని ఓర్చును. ముదురు రంగు కారుకు లేతపసుపు కలిసిన దంతపు రంగు చక్రములు పెద్దవిగా కనబడి హుందానిచ్చును. లేత రంగు కారుకు కారు రంగే చాలును. నిర్మల చిత్రములలో నల్లని నేలపై బంగారు వన్నె చూచి చక్రమంతయు బంగారు రంగు చేయించు ఉత్సాహవంతులున్నారు. ఆ చిత్రములలో బంగారు వన్నె శోభించునది దానిని పొదుపుగా వాడినందుననే. చక్రమునకైతే అంచున ఒక సన్నని గీత చాలును.

బిగించునపుడు పానాను వరుసగా గాక ఎదురెదురు నట్లపై మార్చి మార్చి తిప్పవలెను. క్రొత్త రంగు నట్ల క్రింద అణగి బిగువు సడలవచ్చును గనుక, మొదటి 50 కిలోమీటర్లు నడిచిన పిమ్మట బండి నాపి, అన్ని నట్లను మరల ఒకమారు బిగింపవలెను.