కంప్యూటరు దొంగలు – కుర్చీలో పెద్దలు

2016 ఫిబ్రవరి 5, శుక్రవారం. ఢాకా నగరంలో బంగ్లాదేశ్ బ్యాంకు పదో అంతస్తులో ఒక ప్రింటరు పని చేయడం మానేసింది. మనకు రిజర్వు బ్యాంకు ఎలాగో వాళ్లకు ఈ బ్యాంకు అలాగ. శుక్రవారం అక్కడ వారపు సెలవు. డ్యూటీలో వున్న కొద్దిమందీ అది మామూలుగా చెడినట్టే చెడిందనుకున్నారు. ప్రింటర్లు చెడటం కొత్తా ఏమిటి? మన కాలేజీ ఆఫీసు ప్రింటరును ఎరిగినవాళ్లెవరూ వాళ్లను తప్పు పట్టలేరు.

కాని అది మామూలు ప్రింటరు కాదు. బంగ్లాదేశ్ తన విదేశీ డబ్బులో కొంత భాగం న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులో దాచుకుంటుంది. అందులోంచి ఎవరికైనా చెల్లించాలంటే స్విఫ్ట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ ద్వారా ఉత్తర్వు పంపాలి. పంపిన ఉత్తర్వులూ, వచ్చిన జవాబులూ ఆ ప్రింటరులోంచి కాగితం మీద పడతాయి. అంటే అది కాపలాదారు అన్నమాట. దొంగలు ముందుగా ఆ కాపలాదారు నోరు నొక్కారు.

వాళ్లు ఆ రాత్రికి రాత్రే రాలేదు. సుమారు ఏడాది ముందు, 2015 జనవరిలో, ఉద్యోగం కోరుతున్నట్టుగా ఒక మెయిలు బ్యాంకు సిబ్బందికి వచ్చింది. నా అర్హతలు ఈ లింకులో చూడండి అన్నట్టు. ఎవరో నొక్కారు. దానితో ఒక దొంగ ప్రోగ్రాము లోపలికి దిగింది. అక్కణ్ణుంచి వాళ్లు ఒక కంప్యూటరు నుంచి ఇంకొక కంప్యూటరుకు నెమ్మదిగా పాకుతూ, ఎవరు ఎప్పుడు వస్తారో, ఉత్తర్వులు ఎలా రాస్తారో గమనిస్తూ కాలం గడిపారు. స్విఫ్ట్ గదిదాకా చేరడం అంత సులువుగా ఎలా సాగిందో దర్యాప్తు చేసిన పోలీసు అధికారి తరవాత చెప్పాడు: బ్యాంకుకు ఫైర్‌వాల్ లేదు, ఆ కంప్యూటర్లను కలిపే స్విచ్‌లు పది డాలర్లకు దొరికే సెకండ్‌హ్యాండ్ సరుకు. దేశం ఖజానాకు అమర్చిన తాళం విలువ అది!

వాళ్లు ఎన్నుకున్న ముహూర్తం చూడండి. గురువారం రాత్రి ఢాకాలో బ్యాంకు మూసిన తరవాత ఉత్తర్వులు పంపారు. అప్పుడు న్యూయార్క్‌లో గురువారం పొద్దుట. శుక్రవారం ఢాకాకు సెలవు. ఢాకావాళ్లు సంగతి తెలుసుకుని లబోదిబోమనేసరికి శని, ఆదివారాలు న్యూయార్క్‌కు సెలవు. డబ్బు వెళ్లింది ఫిలిప్పీన్స్‌కు. సోమవారం ఫిబ్రవరి 8 అక్కడ చైనా వారి కొత్త సంవత్సరం సెలవు. మూడు దేశాల పంచాంగాలు ముందు పెట్టుకుని చేసిన దొంగతనం ఇది.

మొత్తం 35 ఉత్తర్వులు, 95.1 కోట్ల డాలర్లు. యాదృచ్ఛికంగా చాలావరకు ఆగిపోయాయి. డబ్బు చేరవలసిన మనీలా బ్యాంకు శాఖ జూపిటర్ వీధిలో వుంది. ఆ పేరు అమెరికా ఆంక్షల జాబితాలో వున్న ఒక ఓడ పేరుతో కలవడంతో అనుమానం పుట్టి 30 ఉత్తర్వులు నిలిచిపోయాయి. శ్రీలంకకు వెళ్తున్న 2 కోట్ల డాలర్లు ఒక అక్షర దోషంవల్ల ఆగాయి: ఫౌండేషన్ అని రాయవలసిన చోట ఫ్యాండేషన్ అని రాశారట. స్పెల్లింగు విలువ ఎంతో చెప్పడానికి మన ఇంగ్లీషు లెక్చరర్లకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కాని 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరాయి, అక్కడి జూదశాలల్లో కలిసిపోయాయి. అదే సంవత్సరం నవంబరులో సుమారు కోటిన్నర డాలర్లు తిరిగి వచ్చాయి.

ఈ కథ నేను ఇంత విస్తారంగా ఎందుకు చెప్పానంటే, కంప్యూటరు భద్రత అనగానే మనవాళ్లు అది కంప్యూటరు గదిలో కూర్చున్న కుర్రవాడి పని అనుకుంటారు. ఈ సావనీరు చదివే పూర్వ విద్యార్థులలో బ్యాంకు మేనేజర్లున్నారు, ఆఫీసర్లున్నారు, ఫ్యాక్టరీలు నడిపేవాళ్లున్నారు. వారికి నా మనవి: ఢాకా కథలో ఆ కుర్రవాడు చేయగలిగింది ఎంత? పది డాలర్ల స్విచ్ చాలునని తీర్మానించింది అతను కాదు. ఎంత పెద్ద మొత్తమైనా ఒక్క పాస్‌వర్డుతో కదలవచ్చా, ఇంకొక మనిషి ఫోనులో అడిగి రూఢి చేసుకోవాలా అన్నదీ అతను నిర్ణయించలేడు. సెలవునాడు న్యూయార్క్‌లో ఎవరికి ఫోను చేయాలన్నది అంతకన్నా కాదు. ఇవన్నీ పెద్ద కుర్చీలో కూర్చున్నవారు తీర్చవలసిన సంగతులు.

యంత్రానికి మనిషి తెలియడు. సరైన పేరు, సరైన పాస్‌వర్డు ఎవరు చెబితే వారే దానికి యజమాని. కాబట్టి దొంగ ఒకసారి యజమాని వేషం వేసుకోగలిగితే, తరవాత అతన్ని పట్టుకోవలసింది యంత్రం కాదు, ఆ వేషాన్ని శంకించే రెండో మనిషి. పాతకాలపు బ్యాంకుల్లో ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులు, ఇద్దరు ఉద్యోగుల దగ్గర ఎందుకుండేవో ఆలోచించండి. ఇద్దరిలో ఎవరూ దొంగ అని కాదు గదా!

దూరదేశపు ముచ్చట అనుకోవద్దు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఎ.పి. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా ఇలాగే వెళ్లిపోయాయి. అక్కడా మొదలు మెయిళ్లే, కొన్ని నెలల ముందు సిబ్బందికి వచ్చినవి. అక్కడా ఒకరిద్దరు తెరిచారు. డబ్బు ముందు కొన్ని ఖాతాల్లోకి, వాటినుంచి వందకు పైగా ఖాతాల్లోకి చెదిరిపోయింది. భద్రతా ఏర్పాట్లు సరిగా లేవని పోలీసులు బాహాటంగా చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది.

ఒకరిద్దరు తెరిచారు అన్నాను కదా. ఇక్కడ సాధారణంగా అందరూ ఆ ఒకరిద్దరినీ తిడతారు. నాకది న్యాయంగా తోచదు. రోజుకు వంద మెయిళ్లు చూసే గుమాస్తా ఎప్పుడో ఒకటి నొక్కకుండా వుండడం అసాధ్యం. ఒక్క మనిషి ఒక్కసారి నొక్కితే ఖజానాదాకా దారి తెరుచుకునేటట్టు ఇల్లు కట్టినవాడిది అసలు లోపం. వరి చేలో గట్లు ఎందుకు వేస్తారు? ఒక మడికి గండి పడితే నీళ్లన్నీ పోకుండా. కంప్యూటర్లను కూడా అలాగే మడులుగా విడదీయాలి: మెయిళ్లు చూసే కంప్యూటరుకూ, డబ్బు పంపే కంప్యూటరుకూ మధ్య గట్టు వుండాలి. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిమీద 2022 నవంబరులో దాడి జరిగినప్పుడు దానికి కారణం నెట్‌వర్కును సరిగా విభజించకపోవడమేనని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది.

ఇక ప్రభుత్వం వైపు ఇంకొక సంగతి వుంది. అది దొంగలు పగలగొట్టిన తాళం కాదు, అసలు తాళమే వేయని తలుపు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. అతను చేసినదేమిటంటే, రిజిస్ట్రేషను శాఖవారు ఇంటర్నెట్‌లో అందుబాటులో పెట్టిన భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటిమీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలుంటాయి. ఆధార్ నంబర్లు కూడా వున్నాయి. ఆ ముద్రలను రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో పోతపోసి, ఆధార్ యంత్రంమీద అద్ది, వేల సిమ్ కార్డులు తెరిచాడు. అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికట! తరవాతి సంవత్సరాల్లో వేరే చోట్ల వేరేవాళ్లు ఇదే ఉపాయంతో ఏకంగా బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీశారు, వేలిముద్రతో డబ్బు ఇచ్చే సదుపాయం పల్లెల్లో వుంది కాబట్టి.

మాది సేద్యపు కుటుంబం. పొలం కొన్నా, పంచుకున్నా, తాకట్టు పెట్టినా వేలిముద్ర వేయనిదే మా ఇళ్లలో ఏ పనీ సాగదు. పాస్‌వర్డు పోతే ఇంకొకటి పెట్టుకోవచ్చు. బొటనవేలు మార్చుకోగలమా? ఆ దస్తావేజులను అందరికీ కనబడేటట్టు పెట్టిన ఉద్దేశం మంచిదే. భూమి కొనేవాడు మోసపోకుండా వుండాలి. కాని సర్వే నంబరు చూపడానికి వేలిముద్ర చూపనక్కరలేదు. ఏ కాగితం ప్రజలకు చూపాలి, అందులో ఏ భాగం కప్పిపెట్టాలి అన్నది ప్రోగ్రామరు తేల్చే విషయం కాదు, శాఖాధిపతి తేల్చవలసినది. ఆధార్ వేలిముద్రను ఎవరికి వారు తాళం వేసుకునే సదుపాయం ఆధార్ సంస్థవారి దగ్గర వుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన పెద్దవాళ్లకు అది చేసిపెట్టడం అయిదు నిమిషాల పని.

దొంగిలించేవాళ్లు కొందరైతే, తాళం వేసి డబ్బు అడిగేవాళ్లు ఇంకొందరు. వీళ్ల ప్రోగ్రామును రాన్సమ్‌వేర్ అంటారు. మన ఫైళ్లను మనకే అర్థంకాని రహస్య లిపిలోకి మార్చి, విప్పే తాళంచెవికి వెల అడుగుతారు. ఎయిమ్స్‌లో జరిగినది ఈ జాతి దాడే. 5 సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడింది. దేశం నలుమూలల నుంచి వచ్చే రోగులకు రోజుల తరబడి చేతిరాతతో చీటీలు రాయవలసి వచ్చింది. వేరుగా వుంచిన ఒక సర్వరులో నకలు చెడకుండా వుంది కాబట్టి సమాచారం తిరిగి దక్కింది. 2019లో మన రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలమీద కూడా ఈ జాతి దాడి జరిగింది.

నకలు అంటే జ్ఞాపకం వచ్చింది. డెన్మార్కులో మేర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీ వుంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే ప్రోగ్రాము దాన్ని పట్టుకుంది. ఉక్రెయిన్‌లో లెక్కలు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్ ద్వారా వ్యాపించినది అది. చూడడానికి రాన్సమ్‌వేర్‌లాగే వుంటుంది గాని, డబ్బు కట్టినా విప్పుకునే మార్గం లేదు, కేవలం నాశనం. ఎవరు ఏ కంప్యూటరు వాడవచ్చో చెప్పే పట్టికలు ఆ కంపెనీకి ప్రపంచమంతటా ఎన్నో సర్వర్లలో వున్నాయి. ఒకటి పోతే ఇంకొకటి వుంటుందిలే అన్న ధీమా. కాని అన్నీ ఒకదానితో ఒకటి కలిసి వుండటంవల్ల అన్నీ ఒక్కసారే చెడిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆఫ్రికాలో ఘనా దేశంలో వుంది. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయింది! కరెంటు పోతే తిట్టుకోవడమే తెలిసిన నాబోటివాడికి ఇది చదివినప్పుడు నవ్వాగలేదు. ఆ సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పంపడానికి అక్కడి వేగం చాలక, ఒక ఉద్యోగి చేతపట్టుకుని నైజీరియాదాకా తీసుకువెళ్తే, అక్కణ్ణుంచి ఇంకొకరు లండను చేర్చారు. 10 రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు తిరిగి అమర్చామని కంపెనీ అధ్యక్షుడు తరవాత చెప్పాడు.

విత్తనాల గింజలు తిండిగింజల గాదెలోనే పోసుకునే రైతు వుండడు. పురుగు పడితే రెండూ పోతాయి. నకలు కూడా అంతే. తీగ తెంచి, వేరేచోట పెట్టాలి. పెట్టి వూరుకుంటే చాలదు, మొలకెత్తుతుందో లేదో చూడాలి. అందుచేత పై అధికారి అడగవలసిన ప్రశ్న "బ్యాకప్ వుందా?" అని కాదు. దానికి జవాబు ఎప్పుడూ "వుంది సార్" అనే వస్తుంది. "కిందటిసారి దానినుంచి తిరిగి తీసి చూసిన తేదీ ఎంత?" అని అడగాలి.

ఇప్పుడు కొత్త వేషాలు కూడా వచ్చాయి. 2024 జనవరిలో అరూప్ అనే ఇంజనీరింగు కంపెనీ హాంకాంగ్ ఆఫీసులో ఒక ఉద్యోగికి డబ్బు పంపమని మెయిలు వచ్చింది. మొదట అనుమానించాడు. కాని తరవాత వీడియో కాల్‌లో సాక్షాత్తు తమ ఆర్థికాధికారీ, తోటి ఉద్యోగులూ కనబడి మాట్లాడటంతో నమ్మాడు. 15 విడతలుగా 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపాడు. ఆ కాల్‌లో కనబడిన ముఖాలన్నీ కంప్యూటరు సృష్టించినవే. దీనికి విరుగుడు చవక: వచ్చిన కాల్‌ను నమ్మకుండా, మన దగ్గర ముందునుంచి వున్న నంబరుకు మనమే తిరిగి ఫోను చేయడం. కాని ఆ పద్ధతి పని చేయాలంటే, "నిజంగా మీరేనా సార్?" అని అడిగిన గుమాస్తామీద పెద్దవారు చిరాకు పడకూడదు. మన ఆఫీసులలో ఇదే కష్టం. దొంగ పెట్టుబడి పెట్టేది మన భయభక్తులమీదే.

దాచిపెట్టడం కూడా ఆ భయం బిడ్డే. ఢాకా బ్యాంకు దొంగతనం తనకు పత్రికల ద్వారా తెలిసిందని ఆ దేశపు ఆర్థిక మంత్రి చెప్పారు. గవర్నరు మార్చి నెలలో రాజీనామా ఇచ్చారు. పరువు పోతుందని ఆగిన ప్రతి గంటా డబ్బు దూరమవుతుంది. మన దేశంలో 2022 నుంచి, ఇటువంటి దాడులను గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకు తెలియజేయాలని నిబంధన వుంది. డబ్బు పోయిన పౌరులెవరైనా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. డబ్బు ఖాతాలు మారుతూ దాటిపోకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఈ నంబర్లు, బ్యాంకు వారివి, కంప్యూటర్లు చూసే కంపెనీవి, సెలవునాడు ఎత్తేవారివి, ఒక కాగితంమీద రాసి గోడకు అంటించాలి. కంప్యూటరులో దాచుకుంటే, కావలసిన రోజున దానితోపాటే తాళం పడుతుంది. మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన చోటు వుంటుంది, అక్కడైతే అందరికీ కనబడుతుంది.