ఉప్పునీటి తొట్టిలో చేపలను వెంటనే ఎందుకు వదలకూడదు?

శుద్ధిచేసిన మంచినీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున, వంట ఉప్పు కాక, అక్వేరియంల కోసం తయారైన సముద్ర లవణ మిశ్రమాన్ని కలిపితే సముద్రజలాన్ని పోలిన నీరు సిద్ధమవుతుంది గాని, అది ఎంత తేటగా ఉన్నా చేపల నివాసానికి అప్పుడే పనికిరాదు. ఇంకా చేపలు లేని ఆ నీటి తొట్టిలో చిటికెడు మేత వేస్తే అది కుళ్లి అమోనియా అనే విషపదార్థం పుడుతుంది. రాళ్ల సందుల్లో, ఇసుకలో స్థిరపడే ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హానిచేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి తగినంతగా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది కనుక, పరీక్షలో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరేవరకు ఆగడమే చేపల పట్ల నిజమైన దయ. నీటిమట్టం తగ్గినప్పుడు మంచినీరే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు, అద్దం అంచున తెల్లగా పేరుకునేది ఉప్పు. ఇక తొట్టిలో పెట్టడానికని భారతదేశపు సముద్రాల నుంచి పగడాలను ఏరి తేవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.