ఒంటి మీద సరే... ఒంట్లోకి వద్దు!

తొలి కాన్పు పుట్టింట్లోనే. ఆస్పత్రి నుంచి బిడ్డ ఇంటికొచ్చేసరికి సలహాలు గుమ్మంలోనే ఎదురొస్తాయి. మాటలు త్వరగా రావాలంటే వస అరగదీసి నాకించాలి. కడుపు శుభ్రపడాలంటే ఆముదం చుక్క వెయ్యాలి. కళ్లు పెద్దవి కావాలంటే కాటుక పెట్టాలి. ‘నిన్నూ ఇలాగే పెంచాను కదే’ అని అమ్మ అన్నాక కూతురు ఇక నోరెత్తలేదు. అల్లుడేమో ఫోన్లో వెతుకుతాడు, అక్కడ కొత్త భయాలు బోలెడు దొరుకుతాయి.

ఈ గందరగోళంలో ఒక్క గీత గీసుకుంటే చాలు. పెద్దవాళ్లు బిడ్డ ఒంటి మీద చేసేవాటిలో చాలావరకు మంచివే. పేచీ అంతా ఒంట్లోకి పంపేవాటితోనే.

నూనెతో మెల్లగా మర్దన చేస్తానంటే అమ్మమ్మను ఆపకండి. ఆ చేతి వాటం మనకు ఎలాగూ రాదు. ముక్కులో, చెవుల్లో మాత్రం ఆ నూనె పడకూడదు. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియాకు దారితీస్తుంది. మాడు మీద ఎంత నూనె అద్దినా తొందరగా పూడదు, ఏడాదిన్నర నాటికి దానంతటదే పూడుకుంటుంది. దిష్టిచుక్క అరికాలికి పెట్టి ముచ్చట తీర్చుకోండి, కళ్లకు కాటుక వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. సాంబ్రాణి చూడ్డానికి పైపై వ్యవహారమే గానీ, ఆ పొగ పోయేదీ లోపలికే. బొడ్డుకు ఏమీ రాయక్కర్లేదు, పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది.

ఇక లోపలికి వెళ్లాల్సినవి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. చెంచాడే వచ్చినా తొలిరోజు ఆ చిన్ని పొట్టకు అదే విందు. ఆరు నెలలదాకా తల్లిపాలే. రోహిణీ కార్తెలో కూడా నీళ్లు పట్టక్కర్లేదు, ఆ పాలలో దాదాపు 88 శాతం నీళ్లే మరి. తేనె ఏడాది నిండేవరకు నాకించొద్దు. అందులో ఉండే అవకాశమున్న సూక్ష్మజీవుల బీజాలు పసిపేగుల్లో విషాన్ని తయారుచేయగలవు.

మొదటి వారంలో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది, సాధారణంగా రెండు వారాలకల్లా తిరిగొస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ‘పాలు చాలట్లేదేమో’ అంటూ డబ్బాపాలు ఇంట్లో అడుగుపెడతాయి. వాటి ప్రకటనల్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. పక్కింటి పిన్నిగారి నోటికి ఆ చట్టం వర్తించదు! ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే.

తల్లిపాలు కాక బిడ్డకు అందాల్సినవి డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, టీకాలు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు మరికొన్ని. జ్వరమొస్తుందని వాయిదా వేయకండి.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. అనుమానాలన్నీ ఆమెను అడగొచ్చు. కానీ బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు జ్వరంతో కాలిపోతున్నా, చల్లబడినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారినా ఆమె కోసం ఎదురుచూడొద్దు. రాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బాలింత సంగతి ఎవరికీ పట్టదు. పథ్యం పేరుతో కూరలు మాన్పించి, నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అంటే మరో పూట భోజనమంత! ఇక నిద్ర. పాలు పట్టడం అమ్మ వంతయితే, తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, వెల్లకిలా పడుకోబెట్టడం నాన్న వంతు. కాన్పయిన కొత్తల్లో ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటినా ఆ దిగులు వదలకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఎవరితో చెప్పాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.