నాన్నగారి షేవింగ్ సెట్టు

నాన్నగారు పోయాక తెనాలి నుంచి నేను తెచ్చుకున్నది ఆయన షేవింగ్ సెట్టు ఒక్కటే. హెర్న్‌డన్‌లో మా ఇంట్లో అది రెండేళ్ళు సొరుగులోనే ఉంది. మొన్న పదహారేళ్ళ మా అబ్బాయి, "నాన్నా, తాతయ్య రేజరుతో గడ్డం గీసుకోవడం నేర్పవా?" అన్నాడు. నాకే రాదని చెప్పడానికి సిగ్గేసింది!

ఈ రకం రేజరు ఇక్కడ అమెరికాలో పుట్టిందే. కింగ్ క్యాంప్ జిలెట్ 1903లో అమ్మినవి 51 మాత్రమే. మరుసటి ఏడాది 90 వేలు దాటాయి.

ముందు నేనే ప్రయత్నించాను. కార్ట్రిడ్జ్ రేజరు అలవాటుకొద్దీ గట్టిగా నొక్కాను. గడ్డం కింద రెండు గాట్లు! పటిక రుద్దితే చురుక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది, నాన్నగారు ఎప్పుడూ నొక్కేవారు కాదు. పిడి చివర పట్టుకుని, దాని బరువుకే వదిలేవారు.

వారం రోజులకు చెయ్యి కుదిరింది. గోరువెచ్చని నీళ్ళు, బ్రష్షుతో చిక్కటి నురగ, సుమారు 30 డిగ్రీల వాలు, వెంట్రుక పెరిగే వైపుకే చిన్న చిన్న గీతలు. అంతే!

శనివారం ఉదయం అబ్బాయి చేతికి రేజరు ఇచ్చాను. నెమ్మదిగా, ఒక్క గాటైనా పడకుండా గీసుకున్నాడు.

"తాతయ్య ఇలాగే గీసుకునేవారా?"

"అచ్చం ఇలాగే" అన్నాను.

సెట్టు ఇప్పుడు వాడి గదిలో ఉంది. ఆదివారాలు నేనే అడిగి తెచ్చుకుంటున్నాను.