ఎముకల డాక్టర్ల పాఠం మామిడి చెట్టు కిందకు రావాలి

కార్వేటినగరం: మామిడి కాపు దించే రోజుల్లో కొమ్మ విరిగి మనిషి కిందపడ్డాడన్న మాట మన ప్రాంతంలో వినని ఊరుండదు. పడినవాడు చేయి పట్టుకుని మూలుగుతుంటాడు. చుట్టూ చేరినవారి నోట వచ్చే మొదటి మాట ఒకటే - "పుత్తూరుకు ఎత్తుకపోండబ్బా!" ఆటో వస్తుంది. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపుతారు. ఒకరు నూనె రాస్తారు. ఇంకొకరు వంకరపోయిన చేతిని లాగి సరిచేయబోతారు. అందరిదీ మంచి మనసే. కాని విరిగిన ఎముకకు కీడు జరిగేది చాలావరకు ఈ పది నిమిషాల్లోనే.

ఈ పది నిమిషాల గురించి ఎముకల డాక్టర్ల సంఘం కూడా ఆలోచిస్తున్నదన్న సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. ఇండియన్ ఆర్థోపెడిక్ అసోసియేషన్ 1955లో ఏర్పడింది. దేశంలోని ఎముకలు, కీళ్ల శస్త్రచికిత్స నిపుణులు ఇందులో సభ్యులు. ఏటా ఒక నగరంలో మహాసభ జరుపుతారు. 2014లో హైదరాబాదులో జరిగింది. అధ్యక్షుడు ఏడాదికొకరు మారతారు. కొత్తగా వచ్చినవారు తమ ఏడాదిలో ఏం చేయదలచిందీ చెబుతారు. ఇందులో ఎక్కువ భాగం డాక్టర్లకు సంబంధించిన చర్చలే. కొత్త ఆపరేషన్లు, కొత్త పరికరాలు, యువ వైద్యులకు శిక్షణ వగైరా. వాటితో మనకు నేరుగా పని లేదు.

మనకు పనికొచ్చేది మరొకటుంది. 2012 నుంచి ఈ సంఘం ఏటా ఆగస్టు 4వ తేదీని ఎముకలు, కీళ్ల దినంగా జరుపుతోంది. ఉచిత పరీక్షలు, ఎముకల బలం గురించిన ప్రసంగాలు, ఊరేగింపులు ఆ వారంలో ఉంటాయి. 2022లో ఒక మెట్టు ముందుకు వేసి, ఒక్కొక్కరు ఒక్కొక్కరికి నేర్పి ఒక ప్రాణం నిలపాలన్న నినాదం తీసుకున్నారు. ప్రమాదం జరిగినచోట డాక్టరు ఉండడు కనుక, అక్కడ ఉండే విద్యార్థికి, పోలీసుకు ప్రథమ చికిత్స నేర్పాలన్నది దాని ఉద్దేశం. ఇన్నేళ్ల నినాదాల్లో పల్లెకు సూటిగా తగిలేది ఇదేనని ఈ విలేకరి అభిప్రాయం.

పుత్తూరును పక్కన పెట్టి కాదు

అయితే మన ప్రాంతంలో ఎముకల మాట ఎత్తితే పుత్తూరు కట్టును తప్పించి మాట్లాడలేము. రాచపాళెంలోని రాజుల కుటుంబాలు తరతరాలుగా ఈ కట్టు కడుతున్నాయి. కేశవరాజు అనే ఆయనతో 1881 ప్రాంతంలో ఇది మొదలైందని చెప్పుకొంటారు. వేటలో దొరికిన కుందేలు విరిగిన కాలు ఆకుల్లో చుట్టి ఉంచగా అతుక్కున్నదనే కథ కూడా ఉంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ - ఇవే సామగ్రి. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో కదా, చెప్పుకొనే లెక్క నిజమైతే ఈ కట్టు దానికన్నా పాతది.

ఈ విలేకరికి చిన్ననాట చింతచెట్టు మీద నుంచి పడి ముంజేయి విరిగితే నాయన బస్సెక్కించి పుత్తూరుకే తీసుకుపోయారు. ఎముక చక్కగా అతుక్కుంది. పిల్లల ఎముకలు త్వరగా కలుస్తాయి. కదలకుండా పట్టి ఉంచితే చాలా విరుగుళ్లు వాటంతటవే అతుక్కుంటాయి. ఎముకను అతికించేది శరీరమే. కట్టు అయినా, సిమెంటు కట్టు అయినా చేసేది దానిని కదలనీయకపోవడమే.

డాక్టర్లకు, కట్టు కట్టేవారికి పడదని అనుకోవడం పరిపాటి. కాని ఈ వైద్య శాఖ పెరిగిన తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే డాక్టరు 1834 నుంచి 1891 వరకు జీవించాడు. ఆయన తండ్రి, తాతలు కట్టు కట్టేవారే. కొడుకు వైద్యం చదివి, తొడ ఎముక విరిగినప్పుడు కాలును కదలకుండా పట్టే ఇనుప చట్రం తయారుచేశాడు. ఆయన భార్య తరఫు బంధువు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆ చట్రాన్ని యుద్ధరంగంలోనే వేయించాడు. ఆసుపత్రికి చేరేలోపు చనిపోయేవారు బాగా తగ్గారు. ఆ జోన్స్ ముందుండగా 1918లో బ్రిటన్‌లో ఎముకల డాక్టర్ల సంఘం ఏర్పడింది. అంటే కట్టు కట్టే ఇంటి నుంచే ఈ శాఖకు పెద్దదిక్కు వచ్చాడన్నమాట. పాఠం చెప్పడానికి వచ్చే డాక్టర్లు కట్టు కట్టేవారిని కూడా పిలిచి కూర్చోబెట్టుకోవాలి. పడిన మనిషిని ముందుగా చూసేది చాలాసార్లు వారే.

చెట్టు కింద చేయవలసినది

పాఠం పెద్దదేమీ కాదు. విరిగిన చేతిని లాగరాదు, రుద్దరాదు. మోచేతి దెబ్బకు మర్దనా చేస్తే కండలో ఎముక పెరిగి మోచేయి జన్మకు వంగకుండా పోయే ప్రమాదముంది. ఉన్న స్థితిలోనే వెదురు బద్ద, మడిచిన వార్తాపత్రిక, గొడుగు ఏదో ఒకటి ఆనించి, విరిగినచోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా తువ్వాలుతో కట్టాలి. కాలైతే మంచికాలునే బద్దగా చేసి రెండూ కలిపి కట్టవచ్చు. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కనిపించకుండానే లోపల లీటరుకు పైగా నెత్తురు పోవచ్చు. కాబట్టి ఆ మనిషిని కూర్చోబెట్టి మోటారు సైకిలుపై తీసుకుపోవడం ప్రాణం మీదకు తెస్తుంది.

నడుము, మెడ నొప్పి అంటే, కాళ్లు తిమ్మిరి అంటే చంకలు పట్టి లేపనే కూడదు. నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు ఒక్క కదలికలో తలుపు చెక్క మీదికి చేర్చాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే పసరు గాని, పసుపు గాని, నూనె గాని వేయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి నేరుగా ఆసుపత్రికి పోవాలి. ఇక్కడ పుత్తూరు మాట వద్దు. మట్టి అంటిన పుండుకు సూదిమందు, కడగడం గంటల్లో జరగాలి.

కట్టు కట్టిన తరువాత కూడా జాగ్రత్త ఉంది. మా ఎరుకలో ఒక పిల్లవాడికి ఎక్కడో బిగుతుగా కట్టారు. పేరు అనవసరం. రాత్రంతా ఏడిస్తే ఎముక నొప్పి అనుకున్నారు. తెల్లవారేసరికి వేళ్లు నల్లబడ్డాయి. కట్టులోపల వాపు పెరిగి నెత్తురు ఆగితే ఆరు గంటల్లోనే కండ చావడం మొదలవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా, వేలును కొద్దిగా వెనక్కి వంచితేనే ప్రాణం పోయినంత నొప్పి పుట్టినా కట్టును వెంటనే వదులు చేయించాలి. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టుకూ ఇదే నియమం.

ఇక ముసలివారి సంగతి. దొడ్లో జారిపడి తుంటి విరిగిన అవ్వను మంచంలో పెట్టి మూడు నెలలు పసర్లు రాయడం మన ఇళ్లలో ఉన్నదే. అవ్వను తీసుకుపోయేది చాలాసార్లు తుంటి కాదు, పడుకోవడం వల్ల వచ్చే పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు. తుంటికి త్వరగా ఆపరేషన్ చేసి లేపి నడిపించడమే మార్గం. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి 1985 నుంచి ఎముకల వైద్యం చేస్తున్నది.

రోడ్డు ప్రమాదమైతే ఖర్చు చూసి వెనుకాడనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించిన పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులకు లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం జరుగుతుంది. 108 బండి మన రాష్ట్రానికి 2005లోనే వచ్చింది. గాయపడినవారిని చేర్చిన మనిషిని కేసుల్లోకి లాగకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కాపాడుతుంది. ఈ భయంతోనే ఇప్పటికీ కొందరు పక్కకు తప్పుకుపోతున్నారు.

ఆంధ్రప్రదేశ్ ఆర్థోపెడిక్ సర్జన్ల సొసైటీ అని రాష్ట్ర సంఘం కూడా ఉంది. ఆగస్టు 4 కార్యక్రమాన్ని చిత్తూరు, తిరుపతి సభామందిరాలతో సరిపెట్టక కార్వేటినగరం, వెదురుకుప్పం, నగరి హైస్కూళ్లకు ఒక్క పూట తీసుకురావాలని ఆ పెద్దలకు విజ్ఞప్తి. కావలసినవి నాలుగు వెదురు బద్దలు, పది తువ్వాళ్లు, ఒక బల్ల. మరొక మాట. మన తోతాపురి కోతలు జూన్, జూలైలోనే జోరు మీద ఉంటాయి. ఆగస్టు 4 వచ్చేసరికి చెట్టెక్కేవారు దిగిపోతారు. మన మండలాల వరకు ఆ పాఠం మే నెలాఖరులో పెడితే కోత కూలీలు కూడా వచ్చి కూర్చుంటారు.