క్లౌడ్ బ్యాకప్ పుట్టుపూర్వోత్తరములు

ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయమునందు పనిచేయుచుండిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ అను నిరువురు 1996లో ఆర్‌సింక్ అను చిన్న ప్రోగ్రామును లోకమునకు ఉచితముగా నొసగిరి. నేడు మన కంప్యూటరులోని ఫైళ్ళు, మనము నిద్రించుచుండగా, ఏ దూరదేశముననో గల క్లౌడ్ నిల్వకు చేరి పదిలముగా నుండుచున్నవనిన, అందులకు తొలిబాట వేసినది ఆ ప్రోగ్రామే యని నా నిశ్చితాభిప్రాయము.

టెలిఫోను తీగలమీద మోడెము ద్వారా సమాచారము మందగమనమున సాగిన కాలమది. పెద్ద ఫైలులో నొక్క వాక్యము మారినంతమాత్రమున దానినంతయు మరల పంపుట దండుగ. మారినదానినే పంపుదమన్న, ఏది మారెనో తెలియుటకు పాతప్రతియు క్రొత్తప్రతియు నొక్కచోట నుండవలయును. ఒక్కచోట నున్నచో పంపవలసిన పనియే లేదు. ఈ ముడిని వారు విప్పిన విధము మిక్కిలి మనోహరము. పాతప్రతి గల కంప్యూటరు దానిని సమానమైన ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకును తేలికగా కట్టదగిన 32 బిట్ల సంఖ్య నొకదానిని, పొరపాటునకు దాదాపు తావీయని 128 బిట్ల సంఖ్య నొకదానిని గణించి, ఆ సంఖ్యలను మాత్రమే పంపును. క్రొత్తప్రతి గల కంప్యూటరు తన ఫైలులో ఒక్కొక్క బైటే జరుగుచు, ప్రతి స్థానమునందును ఆ తేలిక సంఖ్యను కట్టి సరిచూచి, అది కలిసినచోట రెండవ సంఖ్యతో రూఢిపరచుకొనును. ఎడమవైపున నొక బైటును విడిచి, కుడివైపున నొక బైటును చేర్చుకొన్నంతనే క్రొత్త సంఖ్య సిద్ధమగునట్లు ఆ గణితము కూర్పబడుటచే, ఇంతటి శోధనయు శీఘ్రముగా ముగియును. సరిపోలిన ముక్కకు "ఇది నీయొద్దనే యున్నది" యను గుర్తును, పోలని చోట అసలు బైట్లును మాత్రమే తీగపై ప్రయాణించును.

2006 మార్చి 14న అమెజాన్ సంస్థ ఎస్3 అను నిల్వసేవను ప్రారంభించి, నెలకు గిగాబైటు 15 సెంట్ల అద్దెపై ఎల్లరకును చోటు కల్పించెను. అయితే ఆర్‌సింక్‌కు ఆవలి దరిని కూడ తనవంటి ప్రోగ్రాము లెక్కలు కట్టుచుండవలయును. ఎస్3 యన్ననో, ఇచ్చినది పుచ్చుకొని, అడిగినపుడు తిరిగి యిచ్చుటయే కాని, ఆ లెక్కలు కట్టునది కాదు. దీనికి తగిన ఉపాయమును బెన్ ఎస్కోటో తన డూప్లిసిటీ ప్రోగ్రామున నంతకుముందే సిద్ధపరచియుండెను: ముక్కల సంఖ్యల పట్టికను సైతము దాచియుంచుకొని, పోలికనంతయు ఇంటి కంప్యూటరుననే జరిపి, పంపువానినెల్ల గూఢలిపిలోనికి మార్చి పంపుట. కాని అందు ప్రతి మార్పును దాని ముందటి మార్పుపై నాధారపడి గొలుసువలె సాగును గనుక, నడుమ నొక లంకె తెగినచో తరువాతివన్నియు వ్యర్థమగును. అలెగ్జాండర్ నాయ్‌మన్ ఆరంభించిన రెస్టిక్ ప్రోగ్రామున ప్రతి నకలును తన ముక్కల పట్టికను తానే కలిగియుండుటచే ఈ బాధ తొలగినది. ఇది ఫైలును స్థిరమైన కొలతనుబట్టి గాక, అందలి విషయమునుబట్టి సగటున ఒక మెగాబైటు ముక్కలుగా కోయును. ఒకే ముక్క పది ఫైళ్ళలో నున్నను నిల్వలో నొక్కసారియే యుండును.

ఇక సాఫ్ట్‌వేరును నిల్వ ఖాతాతో జతపరచుట. ఎస్3 వాడువానికి 20 అక్షరముల బహిరంగపు కీ యొకటియు, 40 అక్షరముల రహస్యపు కీ యొకటియు లభించును. సాఫ్ట్‌వేరు ఆ రహస్యమును ఎన్నడును తీగమీదికి పంపదు. తేదీ, వేళ, బకెట్ (ఎస్3లో ఫైళ్ళుంచు అర) పేరు, కోరిన పని మొదలగువానిని ఆ రహస్యముతో మేళవించి, ఒక సంతకమును పుట్టించి పంపును. అమెజాన్ తనయొద్దనున్న రహస్యముతో నదే లెక్కను కట్టి సరిచూచును. వేళ కూడ సంతకమున చేరియుండుటచే, మన కంప్యూటరు గడియారము 15 నిమిషములకు మించి తప్పియున్నచో, కీలన్నియు సరిగనే యున్నను విన్నపము తిరస్కరింపబడును. మదర్‌బోర్డుపైని చిన్న బ్యాటరీ అరిగిన పాత యంత్రములందు ఇది తరచుగ సంభవించును. అట్టియెడ కీలను మార్చి విసిగిపోక, ముందు గడియారమును చూడవలయును. గూగుల్ డ్రైవ్ వంటి ఖాతాలకు 2012లో ప్రమాణీకరింపబడిన ఓఆత్ 2.0 పద్ధతి వేరు: బ్రౌజరులో మనమే లాగిన్ అయి సమ్మతి తెలుపగా సాఫ్ట్‌వేరునకు టోకెన్ అను అనుమతిచీటి మాత్రమే దక్కును, పాస్‌వర్డ్ దాని కంటబడదు, వలదనుకొన్ననాడు ఖాతా పుటలోనుండియే ఆ యనుమతిని రద్దుపరచవచ్చును. వీనికంటె ముఖ్యమైనది గూఢలిపి పాస్‌వర్డ్. అది పోయినచో నిల్వదారుడు కాదు, సాఫ్ట్‌వేరు రచయిత కాదు, ఎవ్వరును ఫైళ్ళను తెరువలేరు. కావున దానిని కాగితముపై వ్రాసి, కంప్యూటరు లేని మరియొక యింట దాచుట మేలు.

ఇక నిల్వ ఏ యూర నుండవలయుననునది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ సేవల కేంద్రము నొకదానిని హైదరాబాదునందు నెలకొల్పినది. నిల్వ తమ యూరనే యున్నదన్న సంతోషము సహజమే; కాని హైదరాబాదు నివాసులు ముంబయి కేంద్రమును ఎన్నుకొనుట వివేకమని నా తలంపు, ఏలయన ఒక్క విపత్తున కంప్యూటరును నకలును రెండును నశింపరాదు.

ఇంతచేసియు నకలు చేరినదో లేదో చూడకున్న నేమగునో 2017 జనవరి 31న, ప్రోగ్రాము రచయితల కోడును భద్రపరచు గిట్‌ల్యాబ్ సంస్థ యనుభవించినది. ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసును తుడిచివేయగా, ఎస్3లో నకళ్ళున్నవన్న నమ్మకముతో తెరచిచూచిరి, బకెట్ శూన్యము. నకలుతీయు ప్రోగ్రాము 9.2 వెర్షను, డేటాబేసు 9.6, ఆ పొంతన లేమిచే పని విఫలమగుచు, ఆ సంగతి తెలుపవలసిన ఈమెయిళ్ళు కూడ తిరస్కరింపబడుచుండెను. అంతకు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన నకలుతో ఆ సంస్థ గట్టెక్కి, జరిగినదంతయు దాచక ప్రకటించినది. కావున, పాఠకులారా, ఖాతాను జతపరచిన దినముననే ఒక్క ఫైలునైనను నిల్వనుండి వేరొక ఫోల్డరులోనికి రప్పించి తెరచి చూడుడు. మూడు నెలల కొకసారి యట్లే చేయుడు.