పరీక్ష భయం చదువును ఎలా దెబ్బతీస్తుంది?

ఒత్తిడి, ఆందోళన అనే మాటలను జంటగా వాడేస్తుంటాం గానీ రెండూ ఒకటి కావు. ముందున్న భారానికి శరీరం, మనసు స్పందించే తీరు ఒత్తిడి. రేపు పరీక్ష, సిలబస్ ఇంకా సగం మిగిలే ఉంది అన్నప్పుడు కలిగేది అదే. పరీక్ష అయిపోగానే తగ్గిపోతుంది. ఆందోళన అంత తేలిగ్గా వదలదు. జరగనిదాన్ని జరిగిపోయినట్టే ఊహించుకుని మనసు నలిగిపోతుంటుంది. పరీక్ష ముగిస్తే ఫలితాల బెంగ, ఫలితాలొస్తే సీటు బెంగ. కారణం మారుతుంది తప్ప బెంగ తీరదు.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ 6 నుంచి 12 తరగతులు చదివే సుమారు 3.79 లక్షల మంది విద్యార్థులను సర్వే చేసింది. తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమని వారిలో 81 శాతం మంది చెప్పారు. 10 నుంచి 19 ఏళ్ల లోపు వారిలో ప్రతి ఏడుగురికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే 42 మంది ఉన్న తరగతి గదిలో సగటున ఆరుగురు.

శరీరంలో జరిగేదేమిటి?

ప్రమాదం వచ్చిపడిందని తోచగానే మెదడులోని అమిగ్డలా అనే భాగం హెచ్చరిక జారీ చేస్తుంది. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, ఆ వెనకే కార్టిసాల్ రక్తంలోకి చేరతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, నోరు ఎండిపోతుంది. జీర్ణక్రియ మందగించి కడుపులో తిప్పినట్టవుతుంది. ఎదిరించడానికో, పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ గత శతాబ్దం తొలినాళ్లలోనే వివరించాడు. పాము ఎదురుపడినప్పుడు ప్రాణం కాపాడే ఏర్పాటు ఇది. ప్రశ్నపత్రం ముందు మాత్రం దీనితో పని లేదు. అయినా శరీరానికి ఆ తేడా తెలియదు.

అలాగని ఒత్తిడి అసలే వద్దనుకోవడం కూడా సరికాదు. యెర్కీస్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు తర్వాతి మనస్తత్వ శాస్త్రంలో ఒక సూత్రానికి దారితీశాయి. ఉద్వేగం బొత్తిగా లేకపోతే పని సాగదు, కొంత ఉంటే చురుగ్గా సాగుతుంది, హద్దు దాటితే చెడుతుంది. పని ఎంత కష్టమైనదైతే ఆ హద్దు అంత త్వరగా వస్తుంది. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు అంతగా అడ్డురాని భయమే లెక్కల పేపర్లో కొత్త ప్రశ్న ఎదురైనప్పుడు చేతులు కట్టేస్తుంది.

తెలిసిన జవాబు ఎందుకు గుర్తురాదు?

పరీక్ష భయంలో రెండు పాళ్లుంటాయని పరిశోధకులు 1960ల్లోనే గుర్తించారు. గుండెదడ, చెమట, వణుకు వంటి శారీరక లక్షణాలు ఒకటి. ‘తప్పుతానేమో, నాన్న ఏమంటారో, అందరూ నవ్వుతారేమో’ అని లోపల ఎడతెగకుండా సాగే చింత రెండోది. మార్కులను ఎక్కువగా దెబ్బతీసేది రెండోదే. దీనికి కారణం ఉంది. ఏదైనా లెక్క చేసేటప్పుడు ఇచ్చిన అంకెలు, వాడాల్సిన సూత్రం, చేరుకున్న మెట్టు అన్నీ ఒకేసారి గుర్తుంచుకోవాలి. అందుకు ఉపయోగపడే తాత్కాలిక జ్ఞాపకశక్తి చాలా పరిమితం. దానిలో సగం చింతే ఆక్రమిస్తే లెక్కకు చోటు ఉండదు.

పరీక్ష హాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ప్రశ్నపత్రం అందుకున్న విద్యార్థి మొదటి ప్రశ్న చూస్తాడు, జవాబు తట్టదు. గుండె గుభేలుమంటుంది. రెండో ప్రశ్న చదువుతాడు గానీ మనసు మొదటి దాని దగ్గరే ఆగిపోతుంది. పక్కవాడు అప్పుడే అడిషనల్ షీటు అడుగుతాడు. అక్కడితో చెయ్యి ఆడదు. గంట గడిచాక భయం కాస్త తగ్గితే జవాబులు ఒక్కొక్కటే గుర్తొస్తాయి గానీ, రాయడానికి సమయం మిగలదు. ‘మైండ్ బ్లాంక్ అయింది’ అని పిల్లలు చెప్పేది సాకు కాదు. చదివింది మెదడులోనే ఉంది. తీసి వాడుకోవాల్సిన దారిని భయం మూసేసింది.

బడి జీవితంపై ప్రభావం

నష్టం మార్కులతో ఆగదు. ఆందోళన ఉన్న పిల్లలు తరగతిలో సందేహం అడగరు, అడిగితే ఏమీ రాదని తెలిసిపోతుందని జంకుతారు. అడగని సందేహం మర్నాటి పాఠానికి అడ్డం పడుతుంది. హోంవర్కు వాయిదా పడుతుంది. సోమవారం ఉదయమో, పరీక్ష రోజో కడుపునొప్పి, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఇంటి దగ్గర ఉండిపోమంటే గంటలో తగ్గిపోతాయి. అది నటన అని పెద్దలు కోప్పడతారు గానీ ఆ నొప్పి నిజమైనదే.

చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. బడి మానిన రోజు భయం తగ్గుతుంది కాబట్టి, మానడమే మందని మనసు నేర్చుకుంటుంది. మర్నాడు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. తప్పించుకునే కొద్దీ భయం పెరగడం ఆందోళన స్వభావం. హాజరు తగ్గుతుంది, పాఠాలు వెనకబడతాయి, ఇంతకుముందు ఊహించుకున్న భయం నిజమవుతుంది. మరోవైపు నిద్ర చెడుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యుల సిఫార్సు. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే కాబట్టి, పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకోవడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. నిద్ర చాలని పిల్లలకు చిరాకు, కోపం, మతిమరుపు ఎక్కువవుతాయి. స్నేహాలూ సడలిపోతాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ గండం

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఒత్తిడి పరాకాష్ఠకు చేరేది ఇంటర్మీడియట్‌లో. పదో తరగతి వరకు అమ్మ చేతి వంట తిని చదువుకున్న పిల్లలు 15, 16 ఏళ్ల వయసులో ఒక్కసారిగా హాస్టల్‌లో పడతారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇంగ్లిష్ పాఠాలు అదనపు బరువు. ఎంపీసీ అయితే బోర్డు పరీక్షలతో పాటు జేఈఈ, ఈఏపీసెట్. బైపీసీ అయితే నీట్. చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారకముందే లేపే గంటతో మొదలైన రోజు క్లాసులు, స్టడీ అవర్లతో రాత్రి 10 దాకా సాగుతుంది. వారాంతపు పరీక్ష కాగానే మార్కుల జాబితా నోటీసు బోర్డెక్కుతుంది. మార్కులను బట్టి సెక్షన్ మారుతుంది. దాంతో పక్క బెంచీ స్నేహితుడూ మారిపోతాడు. ఇంటి నుంచి ఫోనొస్తే మొదటి ప్రశ్న ‘తిన్నావా’ కాదు, ‘ఎన్నొచ్చాయి’.

ఫలితాల రోజు మరో గండం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగు పేపర్లో ఒక విద్యార్థినికి సున్నా వచ్చినట్టు చూపారు, పరిశీలిస్తే అది 99. ఆ ఫలితాల తర్వాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇలాంటి మరణం వెనక ఒకే కారణం ఉండదు. కుంగుబాటు, ఇంటి పరిస్థితులు, ఒంటరితనం, అవమానం కలిసిపోయి ఉంటాయి. ఇంటర్ తప్పినవారికి కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయని, రాసి గట్టెక్కితే ఏడాది వృథా కాదని ఫలితాలకు ముందే ప్రతి ఇంట్లో చెప్పుకోవాలి.

విద్యార్థి చేతిలో ఉన్నవి

భయం ఎక్కువున్న పిల్లలు పుస్తకాన్ని పదేపదే తిరగేస్తారు. చదివినట్టే ఉంటుంది గానీ అది నిలవదు. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసుకుని, తర్వాత సరిచూసుకోవడం మంచి పద్ధతి. ఇలా గుర్తుచేసుకుంటూ చదివింది ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో చూపారు. ఇలా ఇంటి దగ్గరే పరీక్ష రాసుకోవడం అలవాటైతే హాలంటే కొత్త కూడా పోతుంది. పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయాలను కాగితం మీద పెట్టిన ఆందోళనపరులైన విద్యార్థులకు మెరుగైన మార్కులు వచ్చినట్టు రమిరెజ్, బైలాక్‌ల అధ్యయనం 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. హాల్లో గుండె దడదడలాడితే కలం కింద పెట్టి, ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదులుతూ ఒక నిమిషం గడపాలి. ఆ తర్వాత బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టాలి.

ఈ సర్దుబాట్లకు లొంగని ఆందోళన ఉంటుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గినా, ఇష్టమైన ఆటపాటల మీద ఆసక్తి పోయినా, బడికి వెళ్లలేకపోతున్నా నిపుణులకు చూపించాలి. ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఆందోళనకు బాగా పనిచేస్తుంది. మందులు అవసరమో కాదో మానసిక వైద్యులే చెప్పాలి. ‘బతకాలని లేదు’ అనే మాట వినిపిస్తే బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగడానికీ వెనకాడకూడదు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, మనసు విప్పడానికి దారి దొరుకుతుంది.

పెద్దల బాధ్యత

‘ధైర్యంగా ఉండు’ అనడం సులువు, దానివల్ల ఒరిగేది తక్కువ. ‘పక్కింటి వాళ్లబ్బాయిని చూడు’ అనడం వల్ల హాని ఎక్కువ. ఏ పాఠం దగ్గర ఇబ్బంది పడుతున్నారో అడిగితే పిల్లలు చెప్పగలుగుతారు. ఉపాధ్యాయులు తప్పు జవాబును నలుగురిలో ఎగతాళి చేయకపోతే చాలు, సందేహాలు అడిగేవారు పెరుగుతారు.

వ్యవస్థ బాధ్యతను న్యాయస్థానం కూడా గుర్తుచేసింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పునిస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబర్లు అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. పిల్లల్ని చేర్పించేటప్పుడు గత ఏడాది ర్యాంకులతో పాటు ఈ ఏర్పాట్లు ఉన్నాయో లేదో అడగడం తల్లిదండ్రుల హక్కు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్‌కు 14416 నంబరులో రోజులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ నంబరు గోడ మీద ఉండాలి.